వాహనమెక్కిన కన్ను

చిత్రకారుడు కుంచె చేతనున్నంతసేపును తన పటమును దిద్దుకొనవచ్చును. గాయకుడు శ్రోతల ముఖములు చూచి ఒక సంగతిని పొడిగించియు, మరియొకదానిని కుదించియు కచేరీని తన యిచ్చవచ్చినట్లు నడుపుకొనవచ్చును. కథకుని మాట చెప్పనే అక్కరలేదు. అచ్చుకూటమునుండి ప్రూఫులు వచ్చిన పిమ్మటకూడ ఆయన తన నాయికను చంపగలడు, చచ్చినదానిని బ్రదికింపగలడు. కారు ముందరి భాగమున కెమెరా బిగించి కొండదారిని చిత్రింప బూనినవానికి మాత్రము ఇట్టి స్వాతంత్ర్యము లేదు. బండి కదలుటతోడనే వాని కర్తృత్వము ముగిసిపోవును. అటుపై తానే నడుపువాడైనచో వాడు సారథి, వేరొకడు నడుపుచున్నచో కేవలము ప్రయాణికుడు. చూచునది కెమెరా, చూపునది దారి. ఆ క్షణమున కొండమీద ఎంతటి వింత వెలుగు విరిసినను, లోయలో ఎంతటి మబ్బు విచ్చినను, దానివైపు కెమెరాను త్రిప్పుటకు వానికి అధికారము లేదు. కావున ఈ విద్యలో కళ అనదగినది యేదేని ఉన్నచో, అది బయలుదేరుటకు పూర్వమే, ఇంట కూర్చుండి పటము పరచుకొని, ఏ గడియకు ఏ మలుపున ఎండ ఎటు పడునో లెక్కించుకొనునప్పుడే జరిగిపోవలెను.

ఈ విద్య క్రొత్తది కాదు. చలనచిత్రము పుట్టిన తొలిదినములలోనే ఇదియు పుట్టినది. 1897లో అమెరికాయందు హావర్‌స్ట్రా సొరంగమును చిత్రించినవారు కెమెరాను రైలుబండి ముందు నిలిపి, చూపరికి బండిగాని దానిని నడుపువాడుగాని కానరాకుండ, దారియే తనంతట తాను మీదికి వచ్చుచున్నట్లు చూపిరి. ఫాంటమ్ రైడ్లను పేర అట్టి చిత్రములు కొంతకాలము వెల్లువగా వచ్చినవి. కాన్సస్ నగరపు అగ్నిమాపకదళమునకు అధిపతిగా నుండిన జార్జి హేలు 1904లో సెయింట్ లూయీ నగర ప్రదర్శనమునందు, రైలు పెట్టెను పోలిన ఒక గదిని కట్టించి, జనులనందు కూర్చుండబెట్టి, ఎదుటి తెరమీద పర్వతదృశ్యములు పరుగెత్తుచుండగా గదిని కుదిపించి, టిక్కెట్టు సొమ్ము వసూలు చేసినాడు. 1906లో సాన్‌ఫ్రాన్సిస్కో మార్కెట్టు వీథిని ఒక కేబులు కారు ముందునుండి చిత్రించిన మైల్సు సోదరుల చిత్రము ఇప్పటికిని లభించుచున్నది. అది తీసిన నాలుగు దినములకే, ఏప్రిలు 18వ తేదీన, ఆ నగరమును భూకంపము నేలమట్టము చేసినది. ఆ చిత్రమును చూచువారికి నగరజీవనము తన మానాన తాను సాగిపోవుచున్నట్లు తోచును. కాని శ్రద్ధగా గమనించినచో అందలి మోటారుకార్లు పెక్కు అవియే మరల మరల కెమెరా ముందునుండి దాటిపోయి, చుట్టు తిరిగి వచ్చి, మరల దాటుచుండుట కనబడును. నగరమున కార్లు సమృద్ధిగా నున్నవని చూపుటకు చేసిన ఏర్పాటని తోచును! యాదృచ్ఛికమని మనము ముచ్చటపడు దానివెనుక కూడ ఎవడో ఒకడు ముందుగా కూర్చుండి లెక్క వేసియే యుండునని దీనివలన తెలియవలెను.

బండి కదలినపిమ్మట కెమెరా మన వశమున ఉండదను ఈ చిక్కును మన మదరాసు స్టూడియోలవారు మరియొక విధముగా తప్పించుకొనిరి. వారు కారును కదలనీయలేదు, దారినే కదలించిరి. ముందుగా కొండదారిని కారునుండి చిత్రించి తెచ్చి, స్టూడియోలో నిలిపిన కారు వెనుక తెరమీద దానిని ప్రదర్శించుచు, పనివారిద్దరు బండిని రెండు ప్రక్కల ఊపుచుండగా, నాయికానాయకులు యుగళగీతము పాడుకొనిరి. దారి కుడికి తిరిగినను స్టీరింగు ఎడమకు తిరుగుచుండుటను ఆనాటి ప్రేక్షకులు దయతో క్షమించిరి. ఆ పాటలయందు మన కనులు నాయికమీదనే యుండెను గాని, ఆమె తలవెనుక పరుగెత్తిన ఆ చెట్లను, ఆ రాతిగోడలను ఎవడో ఒక అనామకుడు కొండకు పోయి, ఎండకు వానకు ఓర్చి, కారు వెనుక కెమెరా కట్టుకొని తెచ్చినాడని ఎవరును తలచియుండరు. నాకు మాత్రము ఆ అనామకునియందు గౌరవము మెండు. ఆయన కొండమీద చేసిన పని అంతయు మరుగుననే యుండును; పేరు తెరమీద పడదు; తీసిన దృశ్యము సగము నాయకుని టోపీ చాటున పోవును.

ఇక నేను చెప్పబోవు దారి విశాఖపట్టణమునుండి అరకులోయకు పోవునది. నూటపదునైదు కిలోమీటర్ల ఆ దారిలో శృంగవరపుకోట దాటువరకును విశేషమేమియు లేదు. కొబ్బరిచెట్లు, టీ దుకాణములు, గోడలమీద సిమెంటు ప్రకటనలు. పిదప తైడ, డముకు, అనంతగిరి, గాలికొండ, సుంకరిమెట్ట అను పేర్లు వరుసగా వచ్చును. సముద్రమట్టమునుండి సుమారు 900 మీటర్ల ఎత్తున లోయ తెరచుకొనును. ఇందలి కొండదారిని ఆద్యంతము తెంపు లేకుండ ఒక్క చిత్రముగా పట్టవలెనని నా మేనల్లునికి కోరిక పుట్టినది. వాడు కెమెరాల పనిలో నేర్పరి. నాకు కెమెరాల విద్య వానివలన కొంత అబ్బినదే గాని, దారి మాత్రము వానికన్న నాకు ఎక్కువ తెలియును. కావున పథకరచనమున మేమిరువురమును సమానస్కంధులమైతిమి.

పథకమునకు కూర్చున్నప్పుడు మొదట తేలిన సంగతి ఇది: కారుకు కట్టిన కెమెరా కొండవిషయమున రెండు అబద్ధములు చెప్పును. వేగమును పెంచి చెప్పును. ఎత్తును తగ్గించి చెప్పును. ఇందులో రెండవది మరింత విచారింపదగినది.

కెమెరా కారునకు బిగించియుండుటచేత కారు ఎంత వాలునకు తల ఎత్తిన కెమెరాయు అంతకే తల ఎత్తును. అందుచేత చిత్రమున దారి ఎల్లప్పుడును సమతలముగానే కానవచ్చును. ఎక్కుచున్నామో, దిగుచున్నామో, బల్లపరుపు నేలమీద పోవుచున్నామో చూపరికి తెలియదు. కిటికీనుండి ప్రక్కకు చూచు కెమెరాయైనచో చెట్లు, విద్యుత్‌స్తంభములు కొంచెము ఎగువవైపునకు వాలినట్లు అగపడును. ఆ వాలువలన తెలివిగల చూపరి దారి వాటమును ఊహింపవచ్చును. కాని అదియు స్వల్పమే. ఏలయన, కెమెరాకన్న ముందే దారి వేసిన ఇంజనీరు ఎత్తును దాచియుంచినాడు. కొండదారికి సాధారణముగా పెట్టు వాలు 20 మీటర్లకు ఒక మీటరు; కోణమున చెప్పవలెనన్న మూడు డిగ్రీలకు లోపు. మూడు డిగ్రీల వాలును కాలు ఎరుగును, ఇంజను ఎరుగును, ఎద్దు మరింత బాగుగా ఎరుగును, కన్ను ఎరుగదు. ఆ లెక్కన 900 మీటర్ల ఎత్తు ఎక్కవలెనన్న 18 కిలోమీటర్ల దారి కావలెను. కాని కొండ తన ముఖభాగమున అంత పొడవైన చోటు ఈయదు. అందుచేత ఇంజనీరు, మందసములో పట్టుచీర మడిచిపెట్టినట్లు, ఆ దూరమును కొండ ఒడిలో మడతలు వేసి పెట్టినాడు. ఘాటుదారి మలుపులనగా ఆ మడతలే. ఎత్తు ఉన్నది వాలులో కాదు, మలుపులలో. ఈ సంగతి గ్రహించినపిమ్మట మాకు పని సుగమమైనది: కొండ ఎత్తు చిత్రములో కనబడవలెనన్న, అంతకుముందు మనము వచ్చిన దారి క్రింద మెలిక తిరిగి కనబడు చోట్లను ఎన్నుకొని, అచ్చట బండి ఏ వైపున ఉండునో, కెమెరా ఎటు చూచుచుండునో ముందే నిర్ణయించుకొనవలెను.

మన దేశమున బండ్లు ఎడమవైపున పోవును గదా. ఎక్కునప్పుడు లోయ ఎడమప్రక్కనున్న భాగములలో మన బండి పిట్టగోడ ప్రక్కనే పోవును. లోయ అడ్డులేక కనబడును. మలుపు తిరిగినతోడనే లోయ కుడిప్రక్కకు మారును. అప్పుడు మనకును లోయకును నడుమ ఎదురువచ్చు లారీలు, బస్సులు. దిగునప్పుడు ఈ లెక్క అంతయు తలక్రిందులగును. కావున ఎక్కునప్పుడు దొరకిన లోయలు దిగునప్పుడు దొరకవు. దిగునప్పుడు దొరకినవి ఎక్కునప్పుడు లేవు. ఒకే దారి రెండు చిత్రములను దాచుకొనియున్నదని మేము పటముమీద ఎఱ్ఱసిరాతోను, నీలిసిరాతోను మలుపులు గుర్తించుకొనునప్పుడు గాని, అన్నియేండ్లుగా ఆ దారిని తిరిగిన నాకే స్ఫురింపలేదు.

వేగముమాట. కటకము వెడల్పైనదగుకొలదియు, కెమెరా నేలకు దగ్గరయగుకొలదియు చిత్రమున వేగము మిక్కుటముగా తోచును. గంటకు 30 కిలోమీటర్ల వేగముతో పోవు బండి సెకనుకు ఎనిమిది మీటర్ల పైచిలుకు పోవును. సెకనుకు 25 బొమ్మలు తీయు కెమెరాకు ఒక బొమ్మకును మరియొకదానికిని నడుమ బండి కదలు దూరము ఒక అడుగు పైచిలుకు మాత్రమే. ఒక్కొక్క బొమ్మకు సెకనులో 50వ వంతు సేపు వెలుగును లోనికి రానిత్తురు; అంతలో బండి జానెడుకన్న తక్కువే కదలును. కంటికి దగ్గరగా నున్న తారురోడ్డు ఆ జానెడు మేర మసకబారును. ఆ మసకయే చూపరి బుద్ధికి వేగమై తోచును. ఇది తెలియని కుఱ్ఱవారు చిత్రమున వేగము కావలెనని ఘాటుమీద బండిని తఱిమెదరు. నిదానముగా పోయినను చిత్రము తనంతట పరుగెత్తుచునే యుండును. ఇక తఱిమినచో చూపరికి కొండ కనబడదు, తల తిరుగుడు మాత్రము మిగులును. 1976లో క్లాద్ లెలూష్ అను ఫ్రెంచి దర్శకుడు తెల్లవారుజామున పారిసు వీథులలో కారు ముందు కెమెరా కట్టి, ఎఱ్ఱదీపములను లక్ష్యపెట్టక, ఎనిమిది నిమిషములు ఏకధాటిగా తోలిన చిత్రమునకు లోకమున గొప్ప పేరున్నది. బండి మెర్సిడిసు, ధ్వని మాత్రము పిదప కూర్చిన ఫెరారిది. కన్ను ఒక బండిది, చెవి మరియొకదానిది! ఆ చిత్రమును నేను చూచినాను; నాకు నచ్చలేదు. వీథిలో నడచుచున్న పామరజనమును ప్రాణభయమునకు గురిచేసి సంపాదించిన రసము రసమే కాదని నా అభిప్రాయము. 2009లో నార్వే దేశపు రేడియో టెలివిజన్ సంస్థవారు బెర్గెన్‌నుండి ఓస్లోవరకు కొండలమీదుగా పోవు రైలు ప్రయాణమును ఏడు గంటలకు పైగా, తెంపు లేకుండ చూపిరి. మంచు, సొరంగము, మరల మంచు, అంతే. నాకు నచ్చినది అది.

మేనల్లుడు తన ఫోనులో సూర్యగమనమును గంటగంటకు చూపు సాధనమును తెరచి, పటముమీద పెట్టి, “మావయ్యా, సూర్యుడు ఎప్పుడూ మన వీపున ఉండాలి. శృంగవరపుకోట నుంచి అరకు వాయవ్యం వైపు. కనక పొద్దున్నే ఎక్కాలి, సాయంత్రం దిగాలి. తిరగేస్తే రెండు పూటలా ఎండ లెన్సులోకే కొడుతుంది” అని తేల్చినాడు. నేను గోడకు వ్రేలాడు పంచాంగమునుండి సూర్యోదయకాలము చూచి చెప్పితిని. రెంటికిని భేదము లేదు. (నా పంచాంగమునకు ఛార్జింగు అక్కరలేదని వానికి గుర్తుచేసితిని.) మా ఇరువురి విద్వత్తును ద్వారబంధమువద్ద నిలుచుండి వినుచున్న డ్రైవరు, చిరకాలముగా ఆ ఘాటుమీద బండి నడుపువాడు, మెల్లగా అందుకొని, “బాబుగారూ, మీ లెక్క మైదానంలో సరిపోతాది గానీ, ఘాట్‌లో రోడ్డు ఎటు తిరిగితే సూర్యుడు కూడా అటే తిరుగుతాడండీ. ఇక గాలికొండ కాడ మబ్బు కూకుందంటే అసలు సూర్యుడే ఉండడు” అన్నాడు. ఆయన మాట అక్షరాల నిజము. వాయవ్యదిశ యనునది మొత్తము ప్రయాణమునకే గాని ఏ ఒక్క మలుపునకును కాదు. ఒక మలుపున ఎండ వీపున, మరుమలుపున ముఖమున, ఆపై చెట్లనీడలో అసలే లేదు. ఐనను పథకము వ్యర్థమని కాదు. అది లేనిచో ఎండ ఎక్కువసేపు ముఖముననే యుండెడిది. ఉన్నందువలన సగముసేపు వీపున నున్నది. కొండమీద సగము గెలుపు చిన్న గెలుపు కాదు.

కాలనిర్ణయమునకు ఎక్కువ చర్చ జరుగలేదు. వానకాలమున ఘాటు పచ్చగానుండును గాని మట్టి జారును. వేసవిలో దారి క్షేమమే గాని కొండలు పొగమంచుకన్న దుర్భరమైన దుమ్ముతెర కప్పుకొని యుండును. కార్తీకమార్గశిరములలో గాలి కడిగినట్లుండును. లోయలో వలిసెపూలు పచ్చని పసుపు పరచినట్లుండును. కాఫీతోటలలో పండ్లు ఎఱ్ఱబడుచుండును. అదియే తగిన కాలము. అడవిభూమిలో వ్యాపారార్థమై చిత్రించువారు అటవీశాఖ అనుమతి పొందవలెను. మాకు వ్యాపారము లేదు, మేము రోడ్డు దిగలేదు.

కెమెరాను కారునకు నిలుపునవి మూడు రబ్బరు చూషకములు. వీనిని బానెట్టుమీద అదిమి, పైనున్న మీటను మూసినచో లోని గాలి పలుచనై, వెలుపలి వాయుమండలము తన బరువుతో వానిని లోహమునకు నొక్కి పట్టును. అనగా కెమెరాను పట్టియుంచునది రబ్బరు కాదు, ఆకాశము. ఐతే ఈ ఆకాశము కొండమీదికి పోవుకొలది పలుచనగుచుండును. 900 మీటర్ల ఎత్తున దాని ఒత్తిడి సముద్రతీరముననున్నదానికన్న ఇంచుమించు పదవవంతు తక్కువ. విశాఖలో గట్టిగానున్న పట్టు అరకులో అంత గట్టిగా ఉండదు. దీనికితోడు తెల్లవారుజామున బానెట్టుమీద మంచు కురియును. మేనల్లుడు దానిని మెత్తని గుడ్డతో తుడిచి, వ్రేలితో రాచి చూచి, మరల తుడిచి, ఒక్కొక్క చూషకమును అదిమి, ఊడదీసి, తడి వలయము మిగిలినదేమో వంగి పరిశీలించి, తిరిగి అదిమెను. అంతతో తృప్తిపడక ఒక నైలానుత్రాడును కెమెరా మెడకు కట్టి, దాని రెండవ కొసను బానెట్టు సందునుండి లోనికి పోనిచ్చి ముడివేసెను. ఇంతలో డ్రైవరు నవ్వుచు, “ఏటి బాబూ, దూడని కట్టినట్టు కడుతున్నారు” అన్నాడు. కట్టవలసినదే. కెమెరా ఊడి పగిలినచో ఆ నష్టమును మనము పడుదుము. వెనుక వచ్చు మోటారుసైకిలువానికి తగిలినచో ఆ నష్టము పూడ్చుటకు వీలులేదు.

కెమెరా లోపలి అమరికలను గూర్చి విస్తరింపను. తెలిసినవారికి అక్కరలేదు, తెలియనివారికి విసుగు. ఒకటి రెండు మాత్రము చెప్పెదను. వెలుగును బట్టి కెమెరా తనంతట తాను సర్దుకొనుటకు విడిచినచో, ఘాటుమీద చెట్టునీడకును ఎండకును నడుమ బొమ్మ గడియగడియకు కనురెప్పలార్చుచున్నట్లు మారిపోవుచుండును. కావున సర్దుబాటునకు ఒక హద్దు కట్టవలెను, రంగుల అమరికను కదలకుండ బంధింపవలెను. కటకము ముందు నల్లని ఫిల్టరు ఒకటి ఉండితీరవలెను. లేనిచో మధ్యాహ్నపుటెండలో కెమెరా వెలుగునకు జడిసి, సెకనులో 50వ వంతు తెరువవలసిన రెప్పను వెయ్యవవంతునకే మూయును. అప్పుడు ఆ జానెడు మసక ఉండదు, చెట్లు గెంతుచున్నట్లుండును. ఇక నాణ్యమగు చిత్రము గంటకు 45 గిగాబైట్ల చోటు తినును. తగినన్ని మెమరీ కార్డులు లేక కొండమీద అగచాట్లు పడువారిని గూర్చి విన్నాను.

చీకటి విచ్చుచుండగా శృంగవరపుకోట దాటి, రికార్డు మీట నొక్కి, బయలుదేరితిమి. ఇక చేయదగినదేమియు లేదు. మేనల్లుడు మొదట రెండు మూడు మలుపులవరకును ఫోనులో కెమెరా చూచునది చూచుచుండెను. నేను దానిని తీసి నా జేబులో పెట్టుకొంటిని. వాడును అభ్యంతరము చెప్పలేదు. కెమెరా ముందుకు మాత్రమే చూచును గనుక మేము ప్రక్కలకు చూచుచు కూర్చుంటిమి. దారి కోయబడినచోట కొండ లోపలి రాయి తుప్పురంగున, అక్కడక్కడ చిన్న గోమేధికపు పలుకులతో, పొరలుపొరలుగా కనబడినది. ఈ రాతికి భూగర్భశాస్త్రజ్ఞులు ఈ కొండలలో నివసించు ఖోండుల పేరు పెట్టి ఖొండలైటు అనిరి. సిల్వరు ఓకు చెట్లమీదికి మిరియపుతీగలు ప్రాకియుండగా, వాని నీడలో కాఫీచెట్లు ఒదిగియున్నవి. నలుపుతెలుపుల పట్టీలు వేసిన పిట్టగోడమీద కోతులు వరుసగా కూర్చుండి బండ్లను తనిఖీ చేయుచున్నవి. మలుపుచాటున నిలిపిన కుంభాకారపు అద్దములో ఎదుటి బస్సు చీమంతగా తోచి, అంతలో మనముందు ఏనుగంతై నిలుచును. డ్రైవరు హారను మ్రోగించి, బండిని ఎడమకు ఒత్తి, బస్సు దాటినపిమ్మట మరల వేగము పుచ్చుకొనెను. ఆ నిలుపుదల చిత్రములో ఉన్నది, ఉండవలెను కూడ. ఘాటుమీద నాగరికతకు అంతకన్న నిదర్శనము వేరు లేదు.

గాలికొండ సమీపించుసరికి డ్రైవరు చెప్పిన మబ్బు చెప్పినట్లే దారిమీద కూర్చుండియున్నది. అరగడియ క్రితము నీలముగా కనబడిన లోయ లేదు. పిట్టగోడయు నాలుగు బారలకు ఆవల లేదు. దీపములు వెలిగించి, నడకకన్న కొంచెమెక్కువ వేగముతో పోవుచుండగా, మేనల్లుడు నిట్టూర్చి, “అసలు బాగుండాల్సిన చోటే పోయింది మావయ్యా” అన్నాడు. ఇంటికి వచ్చి చూచినప్పుడు ఆ భాగమే అన్నిటికన్న బాగుగానున్నదని నా తీర్పు. వాడు ఒప్పుకొనలేదు, ఇప్పటికిని ఒప్పుకొనడు. తెరనిండ బూడిదవన్నె, అందులో తెల్లని గీత ఒక్కటి, కొంచెము కొంచెముగా ముందుకు పుట్టుచు, మనకు దారి ఉన్నదని మాత్రము చెప్పుచుండును. మేము ఎఱ్ఱసిరాతో గుర్తుపెట్టిన లోయలన్నియు అచ్చటనే యుండెను. వానికొరకు పటము పరచినవారము మేము. కాని పథకములో లేని మబ్బు, పథకము వలననే, అనగా కెమెరా కదలక, మేము ముట్టక, బండి ఆగక యుండుటవలననే పూర్తిగా చిక్కినది. చేయి అందుబాటులో నున్నచో వాడు కెమెరాను ఆపివేసియుండెడివాడు.

పిమ్మట కత్తెర ఉన్నది గదా, కర్తృత్వము పూర్తిగా పోయినదని యెట్లందువని ఎవరైన అడుగవచ్చును. కత్తెర తీసివేయగలదే గాని చేర్పజాలదు. తీసివేయుటయు కొండవిషయమున శ్రేయస్కరము కాదు. మలుపు ఒకటి కత్తిరించిన, మడత ఒకటి పోవును, ఆ మేరకు కొండ ఎత్తు తగ్గును. కొండ ఎక్కుటలో విసుగు పుట్టించు భాగములే ఎత్తును నమ్మించునవి. ఐనను మేము ఒక్కచోట కత్తిరించితిమి. అనంతగిరి దాటినపిమ్మట ఒక మలుపులో నెత్తిమీద అడ్డాకుల మోపుతో నడచివచ్చుచున్న గిరిజన స్త్రీ ఒకతె కారు ముక్కుమీది కెమెరాను చూచి, మోపునుండి చేయి తీయుటకు వీలులేక, ముఖము మాత్రము కొండవైపునకు త్రిప్పుకొనినది. ఆ త్రిప్పుకొనుట స్పష్టముగా చిత్రములో పడినది. మేనల్లుడు కళాదృష్టితో దానిని ఉంచవలెననెను. అది సమ్మతి లేదని ఆమె చెప్పగలిగిన ఒకే విధమని నేనంటిని. ఆమె కొండ, ఆమె మోపు, ఆమె ముఖము. మనది కారు మాత్రమే. ఆ మలుపు తీసివేసితిమి. చిత్రములో అచ్చట ఒక చిన్న గెంతు ఉన్నది, ఉండనిమ్ము.

చదువరులలో ఎవరైన ఈ పనికి పూనుకొనదలచినచో వారికి నా మనవి: కార్తీకమునకు ముందు వెళ్ళవలదు. తెల్లవారకముందే ఎక్కుటకు సిద్ధముగా నుండుడు. కెమెరాకు త్రాడు కట్టుడు. మీటను క్రిందనే నొక్కి, సుంకరిమెట్ట దాటువరకు దానిని ముట్టకుడు. అటుపై ఏదేని సంతలోనికి బండి చేరునప్పుడు మాత్రము ఆపివేయుడు, దిగి, అడిగి, ఒప్పుకొనినవారినే చిత్రింపుడు. ఇరుకుదారిలో ఎక్కు బండికి దిగు బండి దారి యియ్యవలెనని చట్టమున్నది. సాయంత్రము దిగునప్పుడు మీ కెమెరాలో ఎంతటి రమ్యదృశ్యము పడుచున్నను, ఎక్కుచున్న ఆర్టీసీ బస్సునకు ఆగి దారి విడువుడు.